ఊరి గది నుంచి ఢిల్లీ దాకా... యువజన సంఘాల వరుస ఇదీ!

సరిహద్దు తెలుగు ఊళ్లలో ఇరవై మంది కుర్రాళ్లు ఒకచోట చేరితే ముందు పుట్టేది పేరు. తర్వాత బోర్డు. ఆ వెనకే వాలీబాల్ నెట్టు. వినాయక చవితికి చందాలు, సంక్రాంతికి ముగ్గుల పోటీలు, ఆగస్టు పదిహేనుకు జెండా పండుగ... ఏడాది తిరిగేసరికి సంఘమంటే ఇంతేనన్న లెక్క స్థిరపడిపోతుంది. రెండో ఏట అధ్యక్షుడు బెంగళూరులో పనికి కుదురుతాడు. కార్యదర్శికి పెళ్లవుతుంది. కోశాధికారి దగ్గరున్న నోటుపుస్తకం ఏ అటక మీదికో చేరుతుంది. నాలుగో ఏటికి బోర్డు మీద రంగు వెలిసిపోతుంది.

కర్ణాటకలో బాగేపల్లి, పావగడ, సిరుగుప్ప వైపు చూసినా, తమిళనాడులో హోసూరు, తళి, పళ్లిపట్టు వైపు వెళ్లినా, ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపూర్ పల్లెల్లో అడిగినా, మహారాష్ట్రలో సిరొంచా, రాజురా ఊళ్లలో కదిపినా కథ ఇంచుమించు ఇదే. ఆ బోర్డు ఒక పెద్ద ఏర్పాటులో మొదటి మెట్టు కాగలదని ఊళ్లో తెలిసింది కొందరికే. తెలిసిన చోట మైదానం వచ్చింది, కుట్టు శిక్షణ వచ్చింది, పిల్లలు జిల్లా పోటీలకు వెళ్లారు. తెలియని చోట చందా పుస్తకం దగ్గరే ఆగిపోయింది. ఆ ఏర్పాటు ఎలా ఉంటుంది? ఎవరి పని ఏమిటి? సరిహద్దు ఊరి సంఘం అందులో ఎక్కడ తప్పిపోతోంది?

పేర్లు నాలుగు... పని ఒకటే

ముందు పేర్ల దగ్గరే తికమక. కర్ణాటకలో ‘యువక సంఘ’, అమ్మాయిలదైతే ‘యువతి మండలి’. తమిళనాడులో ‘ఇళైజ్ఞర్ నర్పణి మన్రం’. ఒడిశాలో ‘యుబక సంఘ’. మహారాష్ట్రలో ‘తరుణ్ మండళ్’, ‘యువక్ మండళ్’. యానాంలోనూ ఆంధ్రలోనూ మనకు తెలిసిన యువజన సంఘమే. పిలుపు ఏదైనా ఊరి స్థాయిలో ఉండే స్వరూపం ఒకటే. సభ్యులు, వాళ్లు ఎన్నుకున్న కార్యవర్గం, ఏడాదికోసారి సర్వసభ్య సమావేశం, రాసుకున్న నియమాలు. ఈ నాలుగూ ఉంటే అది సంఘం. లేకుంటే స్నేహితుల గుంపు. గుంపులో తప్పేమీ లేదు గానీ, గుంపుకు బ్యాంకులో ఖాతా తెరవరు, ప్రభుత్వ కార్యాలయంలో ఉత్తరం తీసుకోరు.

సినిమా హీరో అభిమాన సంఘం వేరు, పార్టీ యువజన విభాగం వేరు, ఇది వేరు. ఒకే కుర్రాడు మూడింట్లోనూ ఉండొచ్చు. కానీ మూడింటి బోర్డూ ఒకటే అయితే ఊళ్లో సగం మంది ఆ గుమ్మం తొక్కరు.

1972లో మొదలు

దేశంలో గ్రామీణ యువతను ఒక వరుసలోకి తెచ్చిన పెద్ద ప్రయత్నం నెహ్రూ యువ కేంద్రాలది. స్వాతంత్య్ర రజతోత్సవాల సందర్భంగా 1972లో వీటిని మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆగినవాళ్లు, కాలేజీ గడప తొక్కనివాళ్లు ఊళ్లలోనే ఉండిపోతున్నారు, వాళ్ల కోసం ఏదో ఒకటి ఉండాలన్నది ఆలోచన. కాలేజీ విద్యార్థులకైతే అప్పటికే 1969 నుంచి జాతీయ సేవా పథకం, అంటే ఎన్‌ఎస్‌ఎస్ ఉంది. చదువుకు బయట ఉన్నవాళ్లకు ఏమీ లేదు. ఆ లోటు పూడ్చడానికి వచ్చినవే ఈ కేంద్రాలు.

1987లో వీటన్నిటినీ కలిపి నెహ్రూ యువ కేంద్ర సంఘటన్ పేరుతో స్వయంప్రతిపత్తి గల సంస్థగా మార్చారు. అదీ సొసైటీల చట్టం కింద నమోదైన సంఘమే. అంటే ఊళ్లో ఉన్న సంఘానికీ ఢిల్లీలో ఉన్న సంఘటన్‌కూ చట్టం దృష్టిలో పుట్టుక ఒకే తీరు. కేంద్ర యువజన, క్రీడల మంత్రిత్వశాఖ అజమాయిషీలో ఇది 623 జిల్లాలకు విస్తరించింది.

మెట్టు తర్వాత మెట్టు

అడుగున ఊరి సంఘం. దానిపైన బ్లాకు. ఆపైన జిల్లా కేంద్రం. తర్వాత రాష్ట్ర కార్యాలయం. చివర ఢిల్లీ. చెప్పుకోవడానికి అయిదు మెట్లు. ఊరికి నిజంగా పనికొచ్చేవి మాత్రం మధ్యలోని రెండే... బ్లాకూ జిల్లానూ.

జిల్లాకు ఒక అధికారి. చాలాకాలం జిల్లా యువజన సమన్వయకర్త అన్నారు, తర్వాత జిల్లా యువజన అధికారి అన్నారు. ఆయన కింద లెక్కలు చూసే ఉద్యోగి. అంతే. జిల్లా మొత్తానికి పట్టుమని నలుగురు కూడా లేని కార్యాలయం అది. వందల ఊళ్లకు వాళ్లు వెళ్లలేరు. అందుకే బ్లాకుకు ఇద్దరు చొప్పున యువ వాలంటీర్లను పెట్టారు. మొదట్లో నేషనల్ సర్వీస్ వాలంటీర్లు అనేవారు. 2010-11లో నేషనల్ యూత్ కోర్ వచ్చాక జాతీయ యువ వాలంటీర్లయ్యారు. వయసు 18 నుంచి 29. ఇది ఉద్యోగం కాదు, గౌరవ భృతి మీద పని. తర్వాతి ఏళ్లలో ఆ భృతి నెలకు 5,000 రూపాయలైంది. ఒక ఏడాదికి తీసుకుంటారు, బాగా చేస్తే మరో ఏడాది పొడిగిస్తారు. రెండేళ్లు దాటితే దిగిపోవాల్సిందే.

ఊరి సంఘాన్ని గుర్తుపట్టేది, జాబితాలో రాసేది, కార్యక్రమం ఉందని కబురు చేసేది ఈ వాలంటీరే. జిల్లా అధికారికి ఊళ్లు కనబడేది ఇతని కళ్లతోనే. ఇక జిల్లాలో ఏ కార్యక్రమాలు జరగాలన్నది చూసేందుకు సలహా సంఘం ఉంటుంది. దానికి కలెక్టరే అధ్యక్షుడు. ఏటా ఒక కార్యాచరణ ప్రణాళిక వేసుకుని, ఏ బ్లాకులో ఏది అని ముందే రాసుకుంటారు. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆ ఏడాది పట్టీలో తమ ఊరి పేరు లేకపోతే ఆగస్టులో వెళ్లి అడిగినా ‘వచ్చే ఏడాది చూద్దాం’ అన్న జవాబే వస్తుంది.

బ్లాకు అంటే ఏది?

ఆంధ్ర బంధువులను అడిగి వెళ్లేవాళ్లు ఇక్కడ తడబడతారు. ఆంధ్రలో, తెలంగాణలో మండలం ఉంది. 1985 నుంచి అక్కడ అదే లెక్క. సరిహద్దు దాటితే మండలం అన్న మాటకు అర్థమే మారిపోతుంది. కర్ణాటకలో తాలూకా. దాని కింద హోబళి ఉంటుంది గానీ అది రెవెన్యూ లెక్క. తమిళనాడులో పంచాయతీ యూనియన్, వాళ్ల మాటలో ‘ఒన్రియం’. ఒడిశాలో బ్లాకు, అక్కడి పంచాయతీ సమితి. మహారాష్ట్రలో తాలూకా స్థాయి పంచాయతీ సమితి. మన్రం అన్నా మండలం అన్నా చెవికి దగ్గరగా ఉంటాయి. కాగితం మీద ఒకటి సంఘం, ఇంకొకటి పాలనా విభాగం.

జిల్లాల సంగతీ అంతే. ధర్మపురి నుంచి కృష్ణగిరి 2004లో విడిపోయింది. కోలారు నుంచి చిక్కబళ్లాపుర 2007లో వేరుపడింది. వేలూరు నుంచి రాణిపేట, తిరుపత్తూరు 2019లో వచ్చాయి. యువ కేంద్రాలు 623 జిల్లాలకే ఉంటే, దేశంలో జిల్లాల సంఖ్య ఏడు వందలు ఎప్పుడో దాటింది. అంటే కొన్ని కొత్త జిల్లాల ఊళ్లు పాత జిల్లా కార్యాలయం వైపే చూడాల్సి వచ్చింది. ‘మా జిల్లాలో ఆఫీసే లేదు’ అని తిరిగొచ్చే ముందు పాత జిల్లా కేంద్రంలో అడగడం మేలు.

ఏమిస్తారు... ఏమివ్వరు

సంఘం పెడితే నెలనెలా డబ్బులు వస్తాయన్న మాట ఊళ్లలో తిరుగుతుంటుంది. రావు. సంఘానికి జీతం లేదు, అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. వచ్చేవి కార్యక్రమాలు. వాటికి కేటాయించిన ఖర్చులు.

* ఆట సామాన్లు. ఎంపికైన సంఘాలకు వాలీబాల్, ఫుట్‌బాల్, నెట్ లాంటివి.

* బ్లాకు, జిల్లా స్థాయి ఆటల పోటీలు.

* యువ నాయకత్వం, సామాజికాభివృద్ధిపై శిక్షణ శిబిరాలు.

* కుట్టు, కంప్యూటర్ వంటి ప్రాథమిక నైపుణ్యాలపై తరగతులు. వీటిలో చేరేది ఎక్కువగా అమ్మాయిలు.

* ఊరి సమస్యలపై చర్చించే పరిసర యువ పార్లమెంటు.

* జానపద కళల పోటీలు, జనవరి 12 నుంచి 19 దాకా యువజన వారోత్సవాలు.

జనవరి 12 వివేకానందుని జయంతి. 1985 నుంచి దాన్ని జాతీయ యువజన దినంగా జరుపుతున్నారు. ఆ రోజుల్లోనే జరిగే జాతీయ యువజనోత్సవం ఈమధ్య మన చుట్టుపక్కలకే వచ్చింది. 2022లో పుదుచ్చేరి ఆతిథ్యం, కోవిడ్ వల్ల అది తెరల మీదే సాగింది. 2023లో హుబ్బళ్లి-ధారవాడ. 2024లో నాసిక్. ఊరి సంఘం నుంచి బ్లాకుకు, అక్కణ్నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి గెలుచుకుంటూ పోయిన బృందాలకు ఆ వేదికే చివరి మెట్టు.

ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు వాళ్లకు తెలియాల్సిన కార్యక్రమం ఇంకొకటి. మల్కనగిరి, కోరాపుట్, రాయగడ, గడ్చిరోలి వంటి జిల్లాల గిరిజన యువతను ఇతర రాష్ట్రాలకు తీసుకెళ్లి చూపించే గిరిజన యువ వినిమయ కార్యక్రమం 2006లో మొదలైంది. కేంద్ర హోంశాఖ నిధులతో యువ కేంద్రాలే దీన్ని నడిపాయి. ఊరు దాటని పిల్లలు మొదటిసారి రైలెక్కింది చాలామందికి ఈ దారిలోనే.

బాగా పనిచేసిన సంఘాలకు జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిల్లో ఉత్తమ యువజన సంఘం పురస్కారాలు కూడా ఇస్తూ వచ్చారు. వాటికి దరఖాస్తు చేయాలంటే కావాల్సింది గొప్ప పని ఒక్కటే కాదు, ఆ పని చేసినట్లు రాసిపెట్టుకున్న పుస్తకం. అక్కడే చాలా సంఘాలు వెనకబడతాయి.

రాష్ట్రానికో చట్టం

యువ కేంద్రం జాబితాలో చేరడం ఒకటి, సంఘాన్ని రిజిస్టర్ చేయించుకోవడం మరొకటి. మొదటిది గుర్తింపు. రెండోది చట్టం. రిజిస్ట్రేషన్ ఉంటేనే సంఘం పేరిట బ్యాంకు ఖాతా, స్థలం, గ్రాంటు అడిగే హక్కు గట్టిగా నిలబడతాయి. సరిహద్దు తెలుగువాళ్లకు ఇక్కడే అసలు తిరకాసు. చట్టం రాష్ట్రానికో తీరు.

కర్ణాటక: కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1960. చూసేది సహకార శాఖ.

తమిళనాడు: తమిళనాడు సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 1975. జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో పని.

ఒడిశా: 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే, రాష్ట్ర సవరణలతో.

మహారాష్ట్ర: 1860 చట్టంతో పాటు 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కూడా వర్తిస్తుంది. వెళ్లాల్సింది ఛారిటీ కమిషనర్ కార్యాలయానికి.

యానాం: పుదుచ్చేరికి వర్తింపజేసిన 1860 చట్టం.

ఆంధ్రలో బంధువులున్నవాళ్లకు తెలిసేది మాత్రం అక్కడి 2001 చట్టం. ‘హిందూపురంలో మా బావ చేయించాడు, తెలుగులోనే కాగితాలు, రెండు రోజుల్లో అయిపోయింది’ అన్న మాట విని అక్కడికి పరుగెత్తేవాళ్లున్నారు. సంఘం చిరునామా ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర చట్టం కిందే నమోదు కావాలి. ఆంధ్ర చిరునామా చూపించి చేయిస్తే అది ఆంధ్ర సంఘమే అవుతుంది. ఇక్కడి తాలూకా కార్యాలయంలో దాన్ని చూపిస్తే పక్కన పెడతారు.

చట్టాలు వేరైనా అడిగేవి మాత్రం దాదాపు ఒక్కటే. కనీసం ఏడుగురు సభ్యులు. సంఘం ఉద్దేశాలు చెప్పే పత్రం. నడిపే తీరు చెప్పే నియమావళి. కార్యాలయం చిరునామాకు రుజువు. సంతకాలు పెట్టేవాళ్ల గుర్తింపు కార్డులు. పదిహేనేళ్ల పిల్లలు సంఘంలో ఆడొచ్చు, పాడొచ్చు. సంతకాలు పెట్టేవాళ్లు మాత్రం పద్దెనిమిది నిండినవాళ్లై ఉండాలి.

రిజిస్టర్ చేయించి ఊరుకుంటే చాలదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కార్యవర్గం పేర్లు, లెక్కలు రిజిస్ట్రార్‌కు పంపాలి. మొదటి ఏడాది ఉత్సాహంగా పంపుతారు. రెండో ఏడాది మరచిపోతారు. అయిదేళ్ల తర్వాత గ్రాంటుకు దరఖాస్తు చేయబోతే ‘మీ సంఘం లెక్కలేవి?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. అప్పుడు పాత కార్యదర్శి కోసం వెతుకులాట. అతను అప్పటికే ఏ పీణ్యాలోనో, అంబత్తూరులోనో మిషను ముందు నిలబడి ఉంటాడు. కేంద్ర ప్రభుత్వ గ్రాంట్లకైతే నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదు కూడా అడుగుతారు. పాన్ కార్డు తప్పదు.

అయిదు పుస్తకాలు... ఒక పెట్టె

సంఘాన్ని బతికించేది కట్టడం కాదు, పెట్టె. ఆ పెట్టెలో ఉండాల్సినవి అయిదు పుస్తకాలు. సభ్యుల పట్టీ. తీర్మానాల పుస్తకం. నగదు పుస్తకం. రసీదు పుస్తకం. సామాన్ల పట్టీ.

వినాయక చవితి చందా దగ్గర వచ్చే తగాదాల్లో సగం రసీదు పుస్తకం లేకనే. ‘ఎంత వచ్చింది, ఎంత అయింది’ అని ఎవురో ఒకరు అడుగుతారు. అడిగినవాడి మీద కోపం వస్తుంది. మర్నాటికి సంఘం రెండవుతుంది. అదే నిమజ్జనం అయిన వారంలోపు రాబడి, ఖర్చు ఒక తెల్లకాగితం మీద రాసి గుడి గోడకు అంటిస్తే అడిగేవాడికి అడగాల్సింది మిగలదు. ఖర్చంటూ ఏమీ లేని పని ఇది.

బ్యాంకు ఖాతా ఒక్కరి పేరున ఉండకూడదు. సంఘం పేరున ఉండాలి. డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు కావాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకుండా చూసుకోవాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఊళ్లోనే ఉండేవాళ్లయితే మరీ మంచిది. పై ఊళ్లకు పోయినవాడి సంతకం కోసం ఖాతా నెలల తరబడి ఆగిపోయే బాధ తప్పుతుంది.

కాగితం కన్నడంలో... మాట తెలుగులో

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం అటు వెళ్లాయి. 1953లో బళ్లారి మైసూరులో కలిసింది. 1960లో తిరుత్తణి మద్రాసు వైపు చేరింది. అప్పటి నుంచీ ఈ ఊళ్లలో ఇంటిభాష ఒకటి, ఆఫీసు భాష ఒకటి. ముసలివాళ్లకు తెలుగు చదవడం వచ్చు. పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. వాళ్లు చదివింది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో.

యువజన సంఘం విషయంలో ఇది మంచికీ చెడుకీ రెంటికీ పనికొస్తుంది. నియమావళి రాష్ట్ర భాషలో రాస్తారు. సంఘం పెద్దలు చదవలేరు. చదవగలిగిన కుర్రాడికి చట్టం తెలియదు. చివరికి తాలూకా కేంద్రంలో కాగితాలు రాసిచ్చే ఆయన ఎవరికో రాసిన నియమావళినే పేరు మార్చి ఇస్తాడు. అందులో కార్యవర్గ కాలం ఎంతో, కోరం ఎందరో సంఘంలో ఒక్కరికీ తెలియదు. తగాదా వచ్చిననాడు ఆ కాగితమే తీర్పు చెబుతుంది.

మందు ఒకటే. రిజిస్టర్ చేయించిన నియమావళికి తెలుగులో ఒక ప్రతి రాసుకోవడం. మొదటి సర్వసభ్య సమావేశంలో దాన్ని పైకి చదివి వినిపించడం. తీర్మానాల పుస్తకం రాష్ట్ర భాషలో ఉంటే, ఒక్కో తీర్మానం కింద తెలుగులో రెండు వాక్యాలు. రాష్ట్ర భాష తెలిసిన పిల్లలకూ తెలుగు తెలిసిన పెద్దలకూ ఆ పుస్తకమే వంతెన. పిల్లలు తెలుగు రాయడం నేర్చుకునే చోటు కూడా అదే అవుతుంది.

రాజ్యాంగం 350వ అధికరణం ఒక హామీ ఇచ్చింది. బాధ చెప్పుకునే విన్నపాన్ని కేంద్రంలో గానీ, ఆ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ ఫారాలకు ఇది వర్తించదు. ఊరికి నీళ్లు రావడం లేదనో, బడిలో తెలుగు అయ్యవారు లేరనో సంఘం తరఫున విన్నపం పెట్టాలంటే మాత్రం తెలుగులో పెట్టే హక్కు ఉంది. పక్కన రాష్ట్ర భాషలో ఒక ప్రతి జతచేస్తే పని త్వరగా సాగుతుంది. యానాం వాళ్లకు ఈ చిక్కు తక్కువ. పుదుచ్చేరి అధికార భాషల చట్టం 1965 ప్రకారమే అక్కడ తెలుగు వాడుకకు చోటుంది. వాళ్ల కష్టం వేరు... రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం.

ఆడపిల్లల పేర్లు ఎక్కడ?

సంఘం ఫొటోలో అందరూ మగపిల్లలే. ముగ్గుల పోటీ రోజున మాత్రమే అమ్మాయిలు కనబడతారు. ఈ ఏర్పాటులో మొదటి నుంచీ యువక మండళ్లతో పాటు మహిళా మండళ్లకూ, యువతి మండలులకూ చోటుంది. అయినా ఊళ్లలో అవి పుట్టేది తక్కువ, నిలిచేది ఇంకా తక్కువ. పెళ్లయితే ఆ అమ్మాయి మరో ఊరిది. పొదుపు సంఘాల్లో అమ్మలు, అత్తలు ఉంటారు. పద్దెనిమిదేళ్ల పిల్లకు అక్కడా చోటు లేదు, ఇక్కడా చోటు లేదు.

కొన్ని మార్పులు ఖర్చు లేనివే. సమావేశం రాత్రి ఎనిమిదింటికి కాకుండా సాయంత్రం అయిదుకు పెట్టడం. గుడి వెనక కాకుండా బడిలో పెట్టడం. కార్యవర్గంలో కనీసం ఇద్దరు అమ్మాయిలు ఉండాలని నియమావళిలోనే రాసుకోవడం. కుట్టు శిక్షణ వచ్చిన ఊళ్లో ఆ తరగతిలోని ఇరవై మందే యువతి మండలికి విత్తనం. శిక్షణ అయిపోయి మిషన్లు తీసుకెళ్లిపోకముందే వాళ్లను కూర్చోబెట్టి ఏడు సంతకాలు తీసుకుంటే పని మొదలైనట్టే.

వేటపాలెం చెప్పే పాఠం

ప్రభుత్వం వరుస కట్టకముందే తెలుగువాళ్లకు ఇలాంటి వరుస ఒకటి తెలుసు. అది గ్రంథాలయోద్యమం. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా తిరిగి, ఎక్కడికక్కడ ఉన్న చిన్నచిన్న పఠనాలయాలను ఒక సంఘం కిందకు తెచ్చారు. 1918లో ఇప్పటి బాపట్ల జిల్లా వేటపాలెంలో హిందూ యువజన సంఘం పేరుతో కొందరు మొదలుపెట్టిన చిన్న గదే తర్వాత సారస్వత నికేతనమైంది. వందేళ్లు దాటినా అది నిలిచే ఉంది. పరిశోధకులు పాత పత్రికల కోసం ఇప్పటికీ అక్కడికి వెళ్తుంటారు.

ఆ గది నిలవడానికి కారణం అది ఒక మనిషి మీద ఆధారపడకపోవడం. పుస్తకాలు సంఘానివి. స్థలం సంఘానిది. పట్టీ, లెక్క, తాళం చేతులు మారుతూ వచ్చాయి. పెట్టినవాళ్లు పోయినా గది పోలేదు. సరిహద్దు ఊరి సంఘానికి కావాల్సింది సరిగ్గా ఈ చేతులు మారడమే.

తాళంచెవి ఎవరికిచ్చారు?

సంఘాలు చచ్చేది గొడవల వల్ల తక్కువ, వలసల వల్ల ఎక్కువ. ఇరవై రెండేళ్లకు కుర్రాడు పనికెళ్తాడు. ఇరవై తొమ్మిది దాటితే లెక్క ప్రకారం యువకుడే కాదు. 2003 నాటి జాతీయ యువజన విధానం 13 నుంచి 35 ఏళ్ల దాకా యువత అంది. 2014 విధానం దాన్ని 15 నుంచి 29కి కుదించింది. అంటే సంఘంలో ఒక మనిషి గట్టిగా పనిచేసే కాలం ఏడెనిమిదేళ్లు. అందులో సగం ఊరి బయటే గడుస్తుంది.

పైన వాలంటీరూ రెండేళ్లకు మారతాడు. కింద కార్యదర్శీ రెండేళ్లకు మారతాడు. ఇద్దరూ ఒకే ఏడాది మారితే ఆ ఊరు జాబితాలోంచి జారిపోతుంది. పైవాళ్లకు ఊరి నంబరు ఉండదు, ఊరివాళ్లకు పైవాళ్ల పేరు తెలియదు. గొలుసు తెగేది ఇక్కడే. అడుగునా కాదు, పైనా కాదు... మధ్యలో.

అందుకే నిలిచిన సంఘాలు చేసే పని ఒకటుంది. కార్యవర్గాన్ని ఒకేసారి మొత్తం మార్చరు. సగం పాతవాళ్లు, సగం కొత్తవాళ్లు. కొత్తవాళ్లలో ఇద్దరు ఇంకా పదో తరగతి, ఇంటర్ చదివే పిల్లలు. పై ఊళ్లకు పోయినవాళ్లను తీసేయకుండా సలహా సభ్యులుగా ఉంచుతారు. బెంగళూరులో ఉన్నవాడు పండక్కి వచ్చినప్పుడు చందా ఇస్తాడు, దాంతోపాటు ఏ ఆఫీసుకు ఎలా వెళ్లాలో చిన్నవాళ్లకు చెప్పి పోతాడు. బ్యాంకులో సంతకం మాత్రం ఊళ్లో ఉన్నవాడిదే.

ఎన్నికల ఏడాది మరీ జాగ్రత్త కావాలి. పంచాయతీ ఎన్నికల్లో నిలబడే సభ్యుడు ఆ మూణ్నెల్లు కార్యవర్గం నుంచి పక్కకు తప్పుకోవాలన్న ఒక్క నియమం చాలా సంఘాలను చీలకుండా కాపాడుతుంది.

ఇప్పుడు ‘మై భారత్’

2023 అక్టోబరు 11న కేంద్ర మంత్రివర్గం ‘మేరా యువ భారత్’ అనే కొత్త సంస్థకు ఆమోదం తెలిపింది. అదే నెల 31న ఢిల్లీలోని కర్తవ్యపథ్‌లో దాన్ని ప్రారంభించారు. అందరూ ‘మై భారత్’ అంటున్నది దీన్నే. 15 నుంచి 29 ఏళ్ల వాళ్లు పోర్టల్‌లో సొంతంగా పేరు నమోదు చేసుకోవచ్చు. యువ కేంద్రాల పని క్రమంగా ఈ గొడుగు కిందకు చేరుతూ వచ్చింది.

మారింది పేరొక్కటే కాదు. ఇదివరకు దారి సంఘం గుండా. శిబిరానికి వెళ్లాలంటే సంఘం పంపాలి. ఇప్పుడు ఫోను చేతిలో ఉన్న పిల్ల తన పేరు తానే ఎక్కించుకోవచ్చు. సంఘం పెద్దల దయ అక్కర్లేదు. ఇది మేలే, ముఖ్యంగా సంఘంలో చోటు దొరకని ఆడపిల్లలకు. కానీ ఇరవై మంది ఇరవై ఫోన్లలో విడివిడిగా నమోదైతే ఊరికి మైదానం అడిగేదెవరు? బడిలో తెలుగు అయ్యవారు కావాలని విన్నపం పెట్టేదెవరు? ఫోనులో పేరు మనిషికి పనికొస్తుంది. ఊరికి పనికొచ్చేది సంఘమే. కాబట్టి రెండూ ఉండాలి. సభ్యులు ఒక్కొక్కరుగానూ నమోదు కావాలి, సంఘమూ నమోదై ఉండాలి.

ఈ వారంలోనే చేయొచ్చు

ఊళ్లో సంఘం ఉంటే, అటక మీది పుస్తకం దించి చివరి తీర్మానం ఏ తేదీదో చూడాలి. ఏడాది దాటితే సర్వసభ్య సమావేశానికి దండోరా వేయాలి. రిజిస్ట్రేషన్ ఉందో లేదో, లెక్కలు ఏ ఏడాది దాకా పంపారో రాసుకోవాలి. లేకపోతే ఏ చట్టం, ఏ ఆఫీసు అన్నది పై పట్టీలో ఉంది.

జిల్లా యువజన కార్యాలయానికి ఇద్దరు వెళ్లాలి, ఒక్కరు కాదు. ఒకరు కాగితం రాయగలిగినవాళ్లు, మరొకరు వచ్చే రెండేళ్లూ ఊళ్లోనే ఉండేవాళ్లు. అక్కడ అడగాల్సినవి మూడే ప్రశ్నలు. మా బ్లాకుకు ఎవరు చూస్తున్నారు? మా ఊరి సంఘం పేరు మీ జాబితాలో ఉందా? వచ్చే ఏడాది ప్రణాళిక ఎప్పుడు వేస్తారు? ఆ మూడు జవాబులూ తీర్మానాల పుస్తకంలో తేదీ వేసి రాసుకోవాలి, తెలుగులో.